పేరు కొట్టించిన కంచం

సిద్దిపేట,
14-7-1994.

చిరంజీవి విశ్వేశ్వర్‌ను అక్క ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. అందరం అని రాయడం అలవాటైంది గానీ, మీ బావ కడుపు సంగతి నీకు తెలిసిందే. ఆ అల్సర్‌కు ఈ ఆషాఢంతో తొమ్మిదేళ్లు నిండాయి. అందరిళ్లలో మనుషులకు పుట్టినరోజులు చేస్తారు, మా ఇంట్లో పుండుకు చేస్తాం. మా అత్త కాంతమ్మ ఆ రోజు మరిచిపోదు. మొన్న కూడా వచ్చినవాళ్లందరికీ మొదటినుంచి చెప్పుకొచ్చింది. "నా కొడుకు రాయి దిన్నా అరిగించుకునేటోడు. దీని చేతి కారం వడి కడుపు పుండయింది. దీని చేతులనే నిప్పున్నది" అని.

ఊరందరికీ మిర్చి, మసాలాలు అమ్మే దుకాణం మాది. ఆ మిర్చే మా వంటింట్లో నా చేతికి వస్తే విషమైపోయిందట! నవ్వొస్తుంది, ఏడుపూ వస్తుంది.

తొమ్మిదేళ్లుగా నేను పొయ్యి ముట్టించలేదు. వంటంతా ఆడబిడ్డ పద్మమ్మే. నేను కూరగాయలు కోస్తాను, పప్పు ఏరుతాను, గిన్నెలు తోముతాను, దుకాణానికి పాత కాగితాలతో పొట్లాలు చేస్తాను. ఉప్పు డబ్బా, కారం డబ్బా మాత్రం నావి కావు. సద్దుల బతుకమ్మ నాడు ఒక్కో ఇంటి నుంచి ఒక్కో సద్ది, చింతపండుదో పెరుగుదో కలిపిన అన్నం, వస్తుంది కదా, నేను ఉత్త చేతులతో పోయి నిలబడతాను. ఇదంతా నీకు తెలిసిందే. అయినా రాస్తాను, ఇంకెవరికి చెప్పుకోను? నాకు కడుపు పండలేదు, నిన్నే కొడుకనుకున్నాను. మనల్ని కన్న అవ్వ పోయిన నాటికి నీకు ఏడేళ్లు. ఆనాటి నుంచి, నా పెళ్లయి నువ్వు నా వెంట ఇక్కడికి వచ్చి చదువు ముగించేదాకా, పదకొండేళ్లు ఈ చేతి కారమే తిన్నావు. మరి నా తమ్ముడి కడుపు ఎందుకు కాలలేదని మా అత్తను ఒక్కసారి అడగాలని ఉంటుంది. అడగను. అడిగితే ఆ రోజు అన్నం ఉండదు.

జ్ఞానేశ్వరి కరీంనగర్ నుంచి ఉత్తరం రాసింది. అత్తగారు పద్మమ్మకు నాలుగు వాక్యాలు, మేనత్తనైన నాకు రెండు పేజీలు. పద్మమ్మ కొడుక్కు నీ బిడ్డనిచ్చి ఏడాది దాటినా అది నా మేనకోడలే. ఆ ఒక్క సంతోషం నాకుంది.

ఇంకో మాట, నవ్వకు. ఈమధ్య నాకూ కడుపులో నొప్పి వస్తోంది. ఆకలైనప్పుడు రొమ్ము కింద ఎవరో కొరికినట్టుంటుంది. రెండు ముద్దలు తింటే తగ్గుతుంది, గంట రెండు గంటలకు మళ్లీ మొదలు. పోయిన శనివారం ఉపవాసముండి గోడ పట్టుకుని నిలబడ్డాను. ఇంట్లో చెప్పలేదు. మొగుడి కడుపు కాల్చిన పాపం తిరిగి తనకే తగిలిందంటారు. నిజం చెప్పాలంటే నేనూ అట్లాగే అనుకుంటున్నాను.

నీ అక్క,
స్వరాజ్యం.


హైదరాబాద్,
22-7-1994.

ప్రియమైన అక్కకు విశ్వేశ్వర్ నమస్కారాలు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నొప్పి సంగతి చివర్లో పెట్టావు, అదే మొదట రాయాల్సింది. అక్కా, ఇందులో పాపమూ లేదు, పుణ్యమూ లేదు. ఎన్ని నెలలుగా ఉంది? దొడ్డికి పోయినప్పుడు నల్లగా తారులాగా వస్తోందా? సిగ్గుపడకు. నీ తమ్ముడు ల్యాబ్ టెక్నీషియన్, పొద్దంతా నేను చూసేవి అవే.

నువ్వు వెంటనే హైదరాబాద్ రా. చీరలు కొనడానికని చెప్పు, నీ మరదలు రమ్మందని చెప్పు, ఏదో ఒకటి చెప్పు. కడుపు నొప్పి అని మాత్రం బావతో అనకు, ఊరికే కంగారు పడతారు.

మనిషి పేగుల్లో ఎన్ని సూక్ష్మజీవులుంటాయో తెలుసా? కోట్లకు కోట్లు. అందులో చాలావరకు మన మేలు కోరేవే. మనం అరిగించుకోలేని దాన్ని అవి అరిగిస్తాయి, కొన్ని విటమిన్లు చేసిపెడతాయి, చెడ్డవాటికి జాగా దొరకనివ్వవు. గట్టి మందులు మింగితే ఆ మంచివీ చస్తాయి, అందుకే అప్పుడు కడుపు జారుతుంది. చిన్నప్పుడు పొద్దున్నే పులిసిన గంజిలో మజ్జిగ పోసి ఇచ్చేదానివి గుర్తుందా? నేను ముఖం ముడిచేవాణ్ణి. ఇప్పుడు మా డాక్టర్లు పెరుగు తినమని చీటీల మీద రాస్తున్నారు. నువ్వు ఏ కాలేజీలో చదివావని అడగాలనిపిస్తుంది.

అంతవరకు మందుల దుకాణంలో కడుపు మంటకు తెల్లటి ద్రావకం సీసా ఇస్తారు, రోజుకు మూడుసార్లు తాగు. ఉపవాసాలు మానెయ్. నీ కంచంలో ఎవరినీ తిననివ్వకు, నువ్వూ ఎవరి కంచంలో తినకు.

నీ తమ్ముడు,
విశ్వేశ్వర్.


సిద్దిపేట,
16-8-1994.

చిరంజీవి విశ్వేశ్వర్‌కు అక్క ఆశీస్సులు.

కవరులో రాఖీ పెట్టాను. పున్నమి నాటికి అందుతుంది. నేను వచ్చి కట్టలేను, మరదలితో కట్టించుకో.

అడిగావు కాబట్టి రాస్తున్నాను. నల్లగానే వస్తోంది, నెల దాటింది. మెట్లెక్కితే ఆయాసం. ద్రావకం సున్నం నీళ్లలా ఉంది, అయినా తాగుతున్నాను.

కంచం గురించి ఎందుకు రాశావు? నీకెప్పుడూ చెప్పని మాట ఒకటుంది. మీ బావకు అల్సర్ అని తేలిన వారానికే మా అత్త ఒక దోష పరిహారం చెప్పింది. "మొగని కంచంల, ఆయన తిన్నంక మిగిలింది తినాలె. గట్లయితేనే నీ చేతి దోషం వోతది." ఎనిమిదేళ్లు, రెండు పూటలా తిన్నాను. చప్పిడి మెతుకులు, ఆయన వేళ్లు తిరిగిన మజ్జిగ. అవమానమనిపించలేదురా. పొయ్యి పోయినా ఆ కంచమైనా నాదే అనుకున్నాను.

ఏడాదిన్నర కింద, చలికాలంలో, మీ బావ సరుకు కోసం హైదరాబాద్ పోయి నాలుగు రోజులకు వచ్చారు. వచ్చాక పదిహేను రోజులు గోళీలు మింగారు. ఏం గోళీలంటే బలానికన్నారు. నోరంతా చేదన్నారు, కడుపు జారిందన్నారు, గిన్నెడు గిన్నెడు పెరుగు తిన్నారు. అవి అయిపోయాక స్టీలు సామాన్ల దుకాణంలో కొత్త కంచం, గ్లాసు కొని వాటి మీద తన పేరు కొట్టించుకొచ్చారు. "గీ కంచం, గీ గిలాస ఎవ్వరు ముట్టొద్దు. నువ్వు అసలే ముట్టొద్దు" అన్నారు. కారణం చెప్పలేదు. నా ఎంగిలి అంటే రోత పుట్టిందనుకున్నాను. పొయ్యి పోయిన నాడు కూడా అంత ఏడవలేదు.

సరే, అది పాత కథ. చిన్న పని. మొన్న పొట్లాలకు దుకాణం నుంచి వచ్చిన పాత కాగితాల కట్టలో ఒక ఇంగ్లీషు కాగితం కనబడింది. దవాఖానది. అందులో "హెచ్. పైలోరి, పాజిటివ్" అని ఉంది. నాకు అక్షరాలు కూడబలుక్కోవడమే వచ్చు, అర్థం తెలియదు. నీకు తెలిసి ఉంటుంది కదా. ఏమిటది? తొందరేమీ లేదు, తెలుసుకుందామని.

నీ అక్క,
స్వరాజ్యం.


హైదరాబాద్,
25-8-1994.

ప్రియమైన అక్కకు,

రాఖీ అందింది, కట్టుకున్నాను. ఇంకా చేతికే ఉంది.

నువ్వు అడిగింది పెద్ద విషయమేమీ కాదు. పైలోరస్ అని జీర్ణాశయం చివరి భాగానికి పేరు. అక్కడేదో చూసి రాసినట్టున్నారు. ఎవరిదో పాత రిపోర్టు అయి ఉంటుంది. ఇక్కడి దవాఖానల చిత్తు కాగితాలు కట్టలు కట్టలుగా మీ వైపు దుకాణాలకు వస్తుంటాయి. రోగాల కాగితం, దాంట్లో తినే వస్తువులు కట్టకు. చింపి పారేయ్.

కంచం విషయం మనసులో పెట్టుకోకు. బావకు వయసు పెరిగేకొద్దీ శుభ్రం ఎక్కువైంది, అంతే. రోత అనే మాట ఎందుకు?

నువ్వు మాత్రం ఇంకా బయలుదేరలేదు. నల్లగా వస్తోందంటే లోపల రక్తం పోతున్నట్టు. అక్కా, దండం పెడతాను. ఈ ఆదివారం బస్సెక్కు.

విశ్వేశ్వర్.


హైదరాబాద్,
7-9-1994. (కార్డు)

అక్కా, ఉత్తరం లేదు, మనిషివి రాలేదు. ఎట్లున్నావు? మీ పక్క దుకాణానికి ఫోన్ చేస్తే బాగానే ఉన్నదన్నారు. ఒక్క ముక్క రాయి. విశ్వేశ్వర్.


సిద్దిపేట,
12-9-1994.

శ్రీయుత విశ్వేశ్వర్ గారికి,

మీ ఉత్తరం, కార్డు అందాయి. కాగితం చింపి పారేయమన్నారు. చింపలేదు, నా పెట్టెలో ఉంది.

మీకు రాయకముందే ఆ కాగితాన్ని మా మేడ మీద కిరాయికుండే సుశీలమ్మతో చదివించాను. ఆమె డిగ్రీ కాలేజీలో జువాలజీ చెబుతుంది. కాగితం మీద రోగి పేరు భూపతి, మీ బావ పేరే, ఊరు సిద్దిపేట, తేదీ 19-1-1993. కింద పరీక్ష చేసినవారి సంతకం, అది మాత్రం తెలుగులో. చివరి అక్షరానికి పొడుగు తోక. ఆ తోక పలక మీద దిద్దించింది నేనే. అట్లా రాస్తే గొప్పగా ఉంటుందని మీరు మురిసిపోయారు. ఇంగ్లీషు రాకపోయినా ఆ తోక నాకు తెలియదా?

ఆయన దాన్ని ఇంట్లో దాస్తే నాకు దొరుకుతుందని దుకాణంలో దాచారు. దాచింది పాత కాగితాల కట్ట కింద. ఆ కట్టలన్నీ చివరికి నా ముందుకే వస్తాయన్నది ఆయనకు తోచలేదు. ఎవరు చుడతారో ఏనాడైనా చూస్తే కదా!

సుశీలమ్మ అంతా విడమరిచి చెప్పింది. ఆ పేరు గలది కడుపులో చేరే సూక్ష్మజీవి అనీ, చాలా అల్సర్లకు అదే మూలమని తేలిందనీ, కారం దాన్ని పుట్టించదనీ, రెండు వారాల మందులతో పోతుందనీ. విని ఇంటి వెనక కూర్చుని ఏడ్చాను. సంతోషంతో ఏడ్చాను. నా చేతిలో నిప్పు లేదని ఒక కాగితం మీద రాసి ఉంది కదా! తర్వాత మళ్లీ ఆ తేదీ చూశాను.

అప్పుడే మీకు రాశాను, ఏమీ తెలియనట్టు అడిగాను. మీకొక అవకాశమిద్దామనుకున్నాను. నా తమ్ముడు నాకు అబద్ధం చెప్పడు, వాడి దగ్గర ఏదో కారణం ఉంటుంది, అడిగితే చెబుతాడు అనుకున్నాను. మీరు జీర్ణాశయం చివరి భాగం గురించి రాశారు.

ఈ రోజున మీ బావకు అల్సర్ ఉందా, లేదా? లేకపోతే ఏడాదిన్నరగా ఈ ఇంట్లో ఎవరి కోసం చప్పిడి వండుతున్నారు? నన్ను కంచం ముట్టొద్దన్నది నా మీద రోతతోనా, నాలో కూడా ఆ పురుగు ఉందన్న భయంతోనా? భయమైతే, తనను తాను కాపాడుకున్న మనిషి నాకొక్క మాట ఎందుకు చెప్పలేదు? ఆయన చెప్పకపోతే మీరెందుకు చెప్పలేదు?

ఆయన నన్ను కట్టుకున్నారు. మీరు నా చేతి ముద్ద తిన్నారు. ఇద్దరిలో ఎవరి మీద ఎక్కువ కోపమో మీకు అర్థమయ్యే ఉంటుంది.

ఇట్లు,
స్వరాజ్యం.


హైదరాబాద్,
20-9-1994.

అక్కా,

నన్ను "మీరు" అని రాశావు. తిట్టి ఉంటే బాగుండేది.

అన్నీ రాస్తాను. ఆ జనవరిలో బావ నొప్పితో మా దవాఖానకే వచ్చారు. డాక్టరు గొట్టం వేసి చూసి, లోపలి నుంచి చిటికెడు కండ తీసి పరీక్షకు పంపారు. పసుపు రంగు మందులో వేస్తే, ఆ పురుగు ఉంటే గులాబీ రంగుకు మారుతుంది. మొదట చూసింది నేనే. ఎగిరి గంతేశాను, నిజంగా. మా అక్క తప్పు కాదు అని వరండాలో బావ చెయ్యి పట్టుకుని చెప్పాను. ఆయన మొహం వాడిపోయింది. "గీ ముచ్చట ఇంట్ల ఎత్తకు బామ్మర్దీ. ఎనిమిదేండ్ల సంది అమ్మ పదిమందిల అనవట్టె. ఇప్పుడు గాదంటే అమ్మ మొకం యాడ వెట్టుకుంటది? నేను యాడ వెట్టుకోవాలె?" అన్నారు.

ఒకే కంచంలో తినేవాళ్లను కూడా చూపించుకోమనండి, ఒకరి నుంచి ఒకరికి రావచ్చు అని డాక్టరు నా ముందే చెప్పారు. బావ బయటికొచ్చి "అది మంచిగనే ఉన్నది గద" అన్నారు. రెండు నెలలకు మళ్లీ పరీక్ష చేశాం, పురుగు లేదు, పుండు మానింది. ఆయనకు అప్పటి నుంచి ఏ రోగమూ లేదు. హైదరాబాద్ వచ్చినప్పుడల్లా నాతో కలిసి మిర్చి బజ్జీలు తిన్నారు.

నేనెందుకు ఊరుకున్నాను? ఆ నెలలోనే జ్ఞానేశ్వరికి పద్మమ్మ కొడుకు సంబంధం మాటలు నడుస్తున్నాయి. చంద్రశేఖర్ లాంటి పిల్లవాడు మళ్లీ దొరకడనుకున్నాను. ఇంట్లో గొడవైతే సంబంధం చెడుతుందని భయపడ్డాను. పెండ్లయ్యాక నిదానంగా చెబుదామని బావ అన్నారు, నేను సరే అన్నాను. పెండ్లయింది. తర్వాత చెబితే ఇన్నాళ్లు ఎందుకు దాచావంటావని దాస్తూ పోయాను. చిన్నప్పటి నుంచి ఆ ఇంట్లో అన్నం పెట్టిన మనిషి మాట కాదనలేకపోయాను అని కూడా నాకు నేను చెప్పుకున్నాను. అన్నం పెట్టింది నువ్వు. అది నాకు తెలుసు.

ఇంకొకటి ఉంది. ఇది రాయడానికి మూడు కాగితాలు చింపాను. ఆ పురుగు ఎక్కువగా చిన్నతనంలోనే చేరుతుందట. చాలామందిలో ఏ నొప్పీ లేకుండా ఉండిపోతుంది కూడా. అవ్వ పోయాక మనిద్దరం ఆమె ఇత్తడి కంచంలోనే కలిసి తిన్నాం కదా. బావ రిపోర్టు చూసిన వారంలోనే నా రక్తం నేనే పరీక్ష చేసుకున్నాను. ఉంది. మందులు మింగాను. నీ మరదలికీ చూపించాను. నీకూ ఉండి ఉంటుందని నాకు ఆనాడే తెలుసు, అక్కా.

బతుకమ్మకు నిన్ను తీసుకుపోవడానికి వస్తాను. నేనే దగ్గరుండి అంతా చూపిస్తాను. రావద్దని మాత్రం రాయకు.

నీ తమ్ముడు.


సిద్దిపేట,
18-10-1994.

విశ్వేశ్వర్,

నువ్వు రావద్దని టెలిగ్రామ్ ఇచ్చాను, రాకుండా మంచి పని చేశావు.

నీ ఉత్తరం చేరిన మర్నాడే హైదరాబాద్ పోయివచ్చాను. నీ దవాఖానకు కాదు. వెంట పద్మమ్మ వచ్చింది. ఆమెకు రెండు కాగితాలూ చూపించాను, రిపోర్టూ, నీ ఉత్తరమూ. కొడుకు పెండ్లి కోసం ఇంత దాచారని తెలిసి తల పట్టుకుంది. "నన్నొక్క మాట అడిగితే అయిపోవు గద వదినె! పొయ్యి నాకేమన్న సొమ్మా? తొమ్మిదేండ్లు పొగకు నా కండ్లు వోయినయ్" అంది. ఆమె నా పొయ్యి లాక్కుందని ఇన్నేళ్లు లోపల లోపల తిట్టుకున్నాను. పొయ్యి ముందు ఆమెను కూర్చోబెట్టిందీ ఆ తల్లీకొడుకులే, నన్ను లేపిందీ వాళ్లే.

నాకూ గొట్టం వేశారు. పసుపు మందు నా కళ్ల ముందే రంగు మారింది, పసుపులో సున్నం కలిపినట్టు. పుండు ఉంది, రక్తం కారుతోంది. ఇంకొన్నాళ్లు ఆగితే చిల్లు పడేదని డాక్టరమ్మ కేకలేసింది. ఎవరు దాచారో ఆమెకు తెలియదు, నేనే ఆలస్యం చేశాననుకుంది. రెండు వారాల గోళీలు నిన్నటితో అయిపోయాయి. నోరంతా రాగి చెంబు నాకినట్టుంది. పెరుగు తింటున్నాను. నొప్పి పోయింది.

సద్దుల బతుకమ్మ నాడు మధ్యాహ్నం మీ బావ భోజనానికి కూర్చున్నారు. పక్కన మా అత్త. ఆ పేరు కొట్టించిన కంచంలో అన్నం బదులు రిపోర్టు పెట్టి, "మీ అమ్మకు చదివి వినిపించండి" అన్నాను. ఆయన చదవలేదు. పద్మమ్మ మాత్రం ఉన్నదంతా చెప్పేసింది. మా అత్త కొడుకు వైపు తిరిగింది. "ఏడాదిన్నర సంది నాతోని అబద్ధమాడించినవా? తెలిసి తెలిసి నలుగుర్ల నా నోటితోని అనిపించినవా బిడ్డా?" అంది. నన్ను క్షమించమని అనలేదు. లేచిపోయి కారం డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. ఆమెకు చేతనైంది అంతే. నేను తీసుకున్నాను.

ఆ సాయంత్రం చింతపండు సద్ది నేనే కలిపాను, ఎండుమిర్చి విరిచి పోపు పెట్టాను. తొమ్మిదేళ్ల తర్వాత నా చేతిలో గిన్నె ఉంది. అందరూ తిన్నారు, మళ్లీ అడిగారు కూడా. ఎవరికీ ఏమీ కాలేదు.

ఇప్పుడు వంట నాది. మీ బావకు మాత్రం చప్పిడే పెడుతున్నాను. "ఇంట్ల అందరికి కారం, నాకొక్కనికేనా పథ్యం?" అని నిన్న అడిగారు. "మీరు అల్సర్ మనిషి కదా" అన్నాను. తల దించుకుని తిన్నారు. కోపం ఎప్పుడు తగ్గుతుందో నాకే తెలియదు. తగ్గిననాడు కారం వేస్తాను.

నీ సంగతి. నీ బిడ్డకు ఇందులో ఏమీ రాయను, అది నా మేనకోడలు, దాని కాపురం చల్లగా ఉండాలి. మీ బావను అర్థం చేసుకోగలను, పిరికి మనిషి, తల్లిచాటు మనిషి. నిన్ను ఎంత ప్రయత్నించినా అర్థం చేసుకోలేకపోతున్నాను. నువ్వు సంబంధం కోసం నోరు మూసుకున్నావు, పోనీ, తండ్రివి. కానీ అవ్వ కంచం గుర్తొచ్చి నీ రక్తం నువ్వు చూసుకున్నావే, ఆ కంచంలో నీకు ఎదురుగా కూర్చున్నది ఎవరో కూడా ఆనాడు గుర్తొచ్చే ఉంటుంది. గుర్తొచ్చీ మందులు ఒక్కడివే మింగావు. నేను కడుపు పట్టుకుని, ఇది నా పాపమని రాస్తే, పులిసిన గంజి గురించి ముచ్చట్లు రాశావు. చావనివ్వడానికి సిద్ధపడ్డావని అనను. చీరలు కొనడానికి రమ్మన్నావు కదా, నీ పేరు బయటికి రాకుండా బతికించుకుందామనుకున్నావు.

ఇంటికి రావద్దని అనలేను. అవ్వ పోయిన ఇంటి నుంచి నా వెంట తెచ్చుకున్నది నిన్నూ, ఆ ఇత్తడి కంచాన్నీ మాత్రమే. వస్తే వండి పెడతాను, నీకు ఇష్టమైనంత కారంతోనే. నీ ఎదురుగా కూర్చుని మాత్రం తినను.

ఆర్టీసీ పార్సిల్‌లో ఒక స్టీలు కంచం, గ్లాసు పంపుతున్నాను. మీ బావ కొట్టించిన దుకాణంలోనే నీ పేరు కొట్టించాను. ఆ తోక కూడా పెట్టమన్నాను, బాగానే పెట్టాడు. మా ఇంటికి వచ్చినప్పుడు అవి వెంట తెచ్చుకో.

స్వరాజ్యం.